‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘హియర్’ ఎందుకు కాదు, ‘హియరింగ్’ ఎందుకు

మీరు అడిగింది ఇదీ. ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ మెయిల్ చివర “ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు” అని, అంటే మీ జవాబు కోసం ఎదురు చూస్తున్నానని రాశారు. పంపేముందు అక్కకి చూపిస్తే “హియర్ కాదురా, హియరింగ్ అనాలి” అంది. ఎందుకని అడిగితే “అలాగే రాస్తారు, అంతే” అంది. ‘టు’ తర్వాత వి వన్, అంటే ఏ తోకా లేని క్రియ మూలరూపం, రావాలని బడిలో అన్నేళ్లు చెప్పారు కదా, ఇక్కడ ఐఎన్‌జీ ఎలా వచ్చిందని మీ సందేహం.

మీ అక్క దిద్దింది సరైనదే. కాకపోతే “అంతే” అన్నది జవాబు కాదు. ఇరవై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు ఉద్యోగాలకి, పై చదువులకి వెళ్లే పిల్లల ఉత్తరాలు చూసిపెడుతున్నాను. నా ఎర్రపెన్ను ఎక్కువసార్లు ఆగింది ఈ ఒక్క మాట దగ్గరే. కారణం తెలియకుండా దిద్దుకుంటే ఆ ఒక్క వాక్యమే బాగుపడుతుంది, నాలుగు వాక్యాల తర్వాత అదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. అందుకే కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లీషులో ‘టు’లు రెండున్నాయి. చూడటానికి ఒకటే, పలకడానికి ఒకటే, చేసే పని వేరు. “ఐ వాంట్ టు గో” అన్నప్పుడు ‘టు’ క్రియకి ముందు నిలబడే గుర్తు మాత్రమే. దానికి విడిగా అర్థం లేదు. బడిలో మీకు చెప్పిన ‘టు ప్లస్ వి వన్’ సూత్రం ఈ ‘టు’ గురించే. “ఐ గేవ్ ది బుక్ టు రవి” అన్నప్పుడు వచ్చే ‘టు’ వేరు. అది మన ‘కి’. రవికి ఇచ్చాను. అంటే అది విభక్తి.

చిన్నప్పుడు “డు ము వు లు ప్రథమా విభక్తి” అంటూ వల్లె వేసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఆ విభక్తులన్నీ దేనికి చేరతాయి? నామవాచకానికి. రవికి, ఊరికి, పెళ్లికి. క్రియకి చేరవు. “చూడుకి”, “విను కోసం”, “వెళ్లుతో” అని ఏ తెలుగువాడూ అనడు. క్రియ వెనక విభక్తి పెట్టాల్సి వస్తే ముందు దాన్ని నామవాచకంగా మారుస్తాం. చూడు కాస్తా చూడటం అవుతుంది, అప్పుడు ‘కి’ చేరి చూడటానికి అవుతుంది. వినడం కోసం, వెళ్లడంతో, తినడం వల్ల, అన్నీ అంతే.

ఇంగ్లీషులో ఆ ‘డం’ పని చేసేది ఐఎన్‌జీ. ‘హియర్’ అంటే విను, ‘హియరింగ్’ అంటే వినడం. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఉన్నది విభక్తి ‘టు’ కాబట్టి దాని వెనక నామవాచకమే రావాలి, క్రియ వస్తే ‘డం’ తగిలించుకునే రావాలి. “టు హియర్” అని రాయడమంటే “వినుకి ఎదురు చూస్తున్నాను” అన్నట్టు.

మిగతా విభక్తుల దగ్గర మీరీ పని ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు. “థాంక్యూ ఫర్ కమింగ్” అంటారు, “థాంక్యూ ఫర్ కమ్” అనరు. “వితౌట్ ఈటింగ్”, “గుడ్ ఎట్ కుకింగ్”, “బిఫోర్ గోయింగ్”, వీటిలో ఎక్కడా తడబడరు. ఎందుకంటే ‘ఫర్’కీ ‘వితౌట్’కీ కవలలు లేరు. ‘టు’కి కవల ఉంది, చిక్కంతా అక్కడే.

ఏది ఏ ‘టు’ అని పోల్చుకోవడం నాకు ఒక పెద్దాయన నేర్పారు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు కాలేజీలో పాత విద్యార్థుల సమావేశం పెట్టారు, ఆహ్వానపత్రం నన్ను రాయమన్నారు. “వి లుక్ ఫార్వర్డ్ టు వెల్‌కమ్ యు” అని రాసిచ్చాను. అచ్చయి వచ్చిన కార్డుల కట్ట విప్పి, మా శాఖలో పెద్దాయన ఒకటి తీసి చూసి, “అమ్మా, ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చదువు” అన్నారు. “వి లుక్ ఫార్వర్డ్ టు ఇట్.” బాగానే కుదిరింది. “ఇప్పుడు ‘వి వాంట్ టు’ తర్వాత ‘ఇట్’ పెట్టు.” “వి వాంట్ టు ఇట్.” కుదరలేదు. “ఇట్ పట్టే చోట నామవాచకం పడుతుంది. నామవాచకం పట్టే చోట ఐఎన్‌జీ” అని కార్డు కట్టలో పెట్టేశారు. ‘వెల్‌కమింగ్’ అని ఉండాల్సిందని అప్పటికి నాకు అర్థమైంది. వేళ మించిపోయింది, కార్డులు అలాగే వెళ్లాయి. ఇంగ్లీషు శాఖ పేరుతో వెళ్లిన కార్డులు. ఆ బాధ చాలాకాలం ఉంది నాకు.

ఈ పరీక్షకి కొన్ని మినహాయింపులున్నాయి, అవీ చెప్పాలి. ‘ఇట్’ పట్టకపోతే అక్కడ వి వన్నే, అందులో అనుమానం లేదు. ‘ఇట్’ పడితే చాలావరకు ఐఎన్‌జీ. కానీ ‘అగ్రీ’, ‘కన్సెంట్’ లాంటి మాటలు రెండువైపులా ఉంటాయి. “ఐ అగ్రీడ్ టు ఇట్” సరైనదే, “ఐ అగ్రీడ్ టు గో” కూడా సరైనదే. అక్కడ ‘గోయింగ్’ అక్కర్లేదు. అలాగే ‘కమ్’, ‘గో’ లాంటి కదలిక మాటలు. “ఐ కేమ్ టు ది వెడ్డింగ్” అంటే పెళ్లికి వచ్చాను, విభక్తి. “ఐ కేమ్ టు సీ యు” అంటే నిన్ను చూద్దామని వచ్చాను. వచ్చిన ఉద్దేశం చెబుతున్నాం కాబట్టి వి వన్. తెలుగులో “చూద్దామని”, “చేద్దామని” అని మార్చి చెప్పగలిగితే అది ఉద్దేశం చెప్పే ‘టు’. “మీ నుంచి విందామని ఎదురు చూస్తున్నాను” అంటే మాట కుదరదు కదా.

ఇంకొక సంగతి. ‘లుక్డ్ ఫార్వర్డ్ టు సీ’ అని ఎప్పుడూ రాయకూడదా అంటే, రాయొచ్చు, అర్థం మారిపోతుంది. “ది డ్రైవర్ లుక్డ్ ఫార్వర్డ్ టు సీ ఇఫ్ ది రోడ్ వాజ్ క్లియర్” అంటే దారి ఖాళీగా ఉందో లేదో చూద్దామని డ్రైవరు ముందుకి చూశాడు. అక్కడ కళ్లతో నిజంగా ముందుకి చూడటమే. మీ మెయిల్లో ‘టు హియర్’ అని రాస్తే అవతలి మనిషి ఈ అర్థం తీస్తాడని కాదు, మీరు చెప్పదలుచుకున్నది అర్థమవుతుంది. కానీ రోజుకి వంద దరఖాస్తులు చదివే మనిషి ఆఖరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ఆగాల్సిన చోటు అది కాదు.

మరి తెలుగువాళ్లం ఇక్కడే ఎందుకు పడతాం? పోయిన ఏడు ఒక అబ్బాయి పై చదువుకి విదేశం వెళ్లడానికి రాసుకున్న కాగితం పట్టుకొచ్చాడు. మిర్యాలగూడ దగ్గర పల్లె. చివర “ఐ లుక్ ఫార్వర్డ్ టు జాయిన్ యువర్ డిపార్ట్‌మెంట్” అని ఉంది. గీత గీశాను. “టు తర్వాత వి వన్ కదా మేడమ్” అన్నాడు, మీలాగే. “ఇంట్లో అమ్మతో ‘నిన్ను చూడుకి ఎదురు చూస్తున్న’ అంటావా?” అని అడిగాను. నవ్వాడు. “చూసేందుకు అంట మేడమ్” అన్నాడు.

ఆ జవాబుకి నాకెంత సంతోషమైందో. ‘చూసేందుకు’లో ‘అందుకు’ ఉంది చూడండి. అందుకు అంటే దానికి. ‘అది’ అనే మాటకి ‘కు’ విభక్తి చేరితే వచ్చిన రూపం. ఆ అబ్బాయి ‘చూడటానికి’ అనకుండా వేరే దారిలో వెళ్లినా, విభక్తి దగ్గరికి వచ్చేసరికి క్రియని ఒంటరిగా వదల్లేదు, పక్కన ఒక నామరూపం పెట్టుకున్నాడు. మన భాషలో మనం పుట్టినప్పటి నుంచీ తప్పకుండా పాటించే నియమం ఇది. “నీ నోట్లో ఉన్న నియమమే ఇంగ్లీషులో రాయి” అన్నాను. కాగితం వెనక్కి తిప్పి ‘జాయినింగ్’ అని రాసుకున్నాడు. తర్వాత తనంతట తనే రెండో పేరాలో “కమిటెడ్ టు వర్క్” అన్న చోట ‘వర్కింగ్’ అని దిద్దాడు. దాన్ని నేను చూడనే లేదు.

అయితే మన భాషలోనే ఒక వల కూడా ఉంది. “చదవడానికి వచ్చాను”, “చదవడానికి అలవాటు పడ్డాను”, రెండు చోట్లా మనది ఒకే రూపం. ఇంగ్లీషులో మొదటిది ‘టు రీడ్’, రెండోది ‘టు రీడింగ్’. మనం ఒక్క మాటతో చేసే రెండు పనుల్ని వాళ్లు విడదీశారు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ తేడా మరో రకంగా ఉండేది. అప్పట్లో ‘టు’ తర్వాత వచ్చే క్రియకి విభక్తి లాంటి ప్రత్యయమే ఉండేది. పాడటానికి అనాలంటే ‘టు సింగెన్నె’ అనేవారు, మన ‘పాడటానికి’ లాగే. కాలక్రమంలో ఆ చివరి అక్షరాలు అరిగిపోయి ‘టు సింగ్’ మిగిలింది, ‘టు’ అర్థం లేని గుర్తుగా మారింది. మనకి ఇప్పుడు కనబడే కవలలు అలా విడిపోయినవాళ్లే.

మనవాళ్లు చేసే రెండో తప్పు ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై’. ఇది అచ్చంగా తెలుగులోంచి వచ్చింది. “మీ జవాబు కోసం ఎదురు చూస్తున్నాను” అనుకుంటాం, ‘కోసం’ కనబడగానే ‘ఫర్’ పడిపోతుంది. ‘లుక్ ఫర్’ అంటే వెతకడం, ‘వెయిట్ ఫర్’ అంటే వేచి ఉండటం, ‘లుక్ ఫార్వర్డ్’కి మాత్రం ‘టు’నే. కొందరు ‘అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’ అంటారు, అదీ పొరపాటే. ‘అవెయిట్’లోనే ‘కోసం’ కలిసి ఉంది, ‘అవెయిటింగ్ యువర్ రిప్లై’ చాలు.

అర్థం దగ్గర కూడా జాగ్రత్త కావాలి. మన ‘ఎదురు చూడటం’ చాలా విశాలమైన మాట. బస్సు కోసం ఎదురు చూస్తాం, పండక్కి ఎదురు చూస్తాం, పరీక్ష ఫలితాల కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురు చూస్తాం. ఇంగ్లీషులో వీటికి వేరువేరు మాటలు. ‘వెయిట్ ఫర్’లో సంతోషం, దుఃఖం ఏమీ లేవు, కాలక్షేపం ఉంది, కొన్నిసార్లు విసుగు కూడా. ‘ఎక్స్‌పెక్ట్’ అంటే వస్తుందని నమ్మడం. పై అధికారికి “ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ రిప్లై” అని రాస్తే జవాబివ్వడం మీ బాధ్యత అని గుర్తు చేసినట్టు వినబడుతుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఇష్టం ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లడం గురించి చెప్పేటప్పుడు మన గొంతులో ఉండేదే అది. అందుకే శుభకార్యానికి, కలయికకి, జవాబుకి అది నప్పుతుంది. “ఐ లుక్ ఫార్వర్డ్ టు ది సర్జరీ” అని రాయకండి. “ఐ యామ్ నాట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ది ఎగ్జామ్” అంటే మాత్రం పరీక్ష కోసం ఎదురు చూడటం లేదని కాదు, పరీక్ష అంటే గుండె గుబగుబలాడుతోందని.

ఇక ‘ఐ లుక్ ఫార్వర్డ్’ రాయాలా, ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’ రాయాలా? రెండూ సరైనవే. మొదటిది కొంచెం బిగువుగా, ఆఫీసు ఉత్తరానికి తగ్గట్టు ఉంటుంది. రెండోదాంట్లో చనువు ఉంటుంది. మీది ముక్కూమొహం తెలియని కంపెనీకి మొదటి మెయిల్ కాబట్టి ‘ఐ లుక్ ఫార్వర్డ్’ రాయమంటాను. ఇంటర్వ్యూ అయిపోయి వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాక ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’ అనొచ్చు.

‘ఐ’ లేకుండా “లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు” అని రాసి చుక్క పెట్టడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. తెలిసినవాళ్ల మధ్య పర్వాలేదు. కానీ అది పూర్తి వాక్యం కాదు. పాత ఆఫీసు ఉత్తరాల్లో “లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు, ఐ రిమైన్, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ” అని రాసేవారు. ‘ఐ రిమైన్’ జారిపోయి ముందున్న తోక మిగిలింది. బడిలో లీవ్ లెటర్ చివర మనం రాసిన ‘థాంకింగ్ యు’ కూడా ఆ కుటుంబందే. అక్కడా అసలు వాక్యం ఎగిరిపోయింది. ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ’ పెట్టి నిండు వాక్యం రాస్తే ఖర్చయ్యేది ఒక్క అక్షరం.

ఒకే వాక్యంలో రెండు ‘టు’లూ వచ్చే చోటు కూడా చూపిస్తాను. “ఐ హ్యావ్ సమ్‌థింగ్ టు లుక్ ఫార్వర్డ్ టు.” మొదటి ‘టు’ క్రియ గుర్తు, దాని వెనక ‘లుక్’ వి వన్‌లోనే ఉంది. చివరి ‘టు’ విభక్తి, దానికి చెందిన నామవాచకం ‘సమ్‌థింగ్’ ముందుకి వెళ్లిపోయింది. వాక్యం చివర ఒంటరిగా ఉంది కదా అని ఆ రెండో ‘టు’ని చాలామంది ఎగరగొట్టేస్తారు. తీసేయకూడదు. “వాట్ ఆర్ యు లుకింగ్ ఫార్వర్డ్ టు?” అన్న ప్రశ్నలోనూ అది ఉండి తీరాలి.

ఇప్పుడు ఇదే గొడవ ఇంకా గట్టిగా పట్టుకునే మాట ‘యూజ్డ్ టు’. మీరు అడగలేదు, కానీ ఇది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. “ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ గుంటూరు” అంటే గుంటూరులో ఉండేవాడిని, ఇప్పుడు లేను. “ఐ యామ్ యూజ్డ్ టు లివింగ్ ఇన్ గుంటూరు” అంటే గుంటూరులో ఉండటం నాకు అలవాటే. మధ్యలో ఒక్క ‘యామ్’ చేరితే అర్థం తిరగబడింది. ‘ఇట్’ పెట్టి చూడండి. “ఐ యామ్ యూజ్డ్ టు ఇట్” కుదురుతుంది, “ఐ యూజ్డ్ టు ఇట్” కుదరదు. మూడోది కూడా ఉంది. “దిస్ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ మ్యాంగోస్” అంటే ఈ కత్తిని మామిడికాయలు కోయడానికి వాడతారు. ఇక్కడ ‘ఈజ్’ ఉన్నా ‘కట్’ వి వన్‌లో ఉంది, ఎందుకంటే ఇది ఉద్దేశం. ‘కటింగ్’ అని రాస్తే కత్తికి కోయడం అలవాటైపోయిందని అర్థం వస్తుంది.

వీటిలో తెలుగు మీకు మంచి తోడు. ఉండేవాడిని, ఉండటం అలవాటు, కోయడానికి వాడతారు. ఇలా చెప్పుకుంటే తెలుగులో మూడూ వేరువేరుగానే ఉంటాయి. ముందు తెలుగులో ఏ మాట వచ్చిందో చూసుకుని ఇంగ్లీషులోకి వెళ్తే దారి తప్పరు. ఒక్క చోట మాత్రం మనవాళ్లు దారి తప్పుతూనే ఉన్నారు. “రోజూ పొద్దున్నే నడుస్తాను” అనడానికి “ఐ యూజ్ టు వాక్ ఎవ్రీ మార్నింగ్” అంటారు. ఇప్పటి అలవాటుకి ‘యూజ్ టు’ లేదు. “ఐ వాక్ ఎవ్రీ మార్నింగ్” అంటే సరిపోతుంది.

విభక్తి ‘టు’ ఉన్న మాటలు ఇంకా ఉన్నాయి. ‘అబ్జెక్ట్ టు’, ‘కమిటెడ్ టు’, ‘డివోటెడ్ టు’, ‘ఇన్ అడిషన్ టు’, ‘వెన్ ఇట్ కమ్స్ టు’, ‘విత్ ఎ వ్యూ టు’. అన్నింటి తర్వాతా క్రియ వస్తే ఐఎన్‌జీ. ‘అకస్టమ్డ్ టు’ కూడా ఇప్పుడు అంతే. పాత పుస్తకాల్లో ‘అకస్టమ్డ్ టు డూ’ కనబడితే కంగారుపడకండి, ఒకప్పుడు అది మామూలే. మీరు మాత్రం ‘డూయింగ్’ రాయండి. ఈ జాబితా బట్టీ పట్టక్కర్లేదు. కొత్త మాట తగిలినప్పుడు ‘ఇట్’ పెట్టి చదివి చూసుకుంటే తెలిసిపోతుంది.

మీ మెయిల్ చివర ఇలా రాయండి. “ఐ హ్యావ్ అటాచ్డ్ మై రెజ్యూమె. ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు.” కింద ‘యువర్స్ సిన్సియర్లీ’, మీ పేరు, ఫోన్ నంబరు. వాళ్లు ఇంటర్వ్యూకి తేదీ ఇస్తే జవాబులో “ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు ఆన్ మండే” అనండి. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తారు కదా అని ‘టు బి ఇంటర్వ్యూడ్’ అనిపిస్తుందేమో, అక్కడ కూడా ‘టు బీయింగ్ ఇంటర్వ్యూడ్’ అనే రావాలి. కానీ ‘మీటింగ్ యు’ అన్నదే చదవడానికి హాయిగా ఉంటుంది, అదే ఉంచండి. ఉద్యోగం వచ్చాక ఇక్కడికి వచ్చి ఒక మాట చెప్పండి, నేనూ దానికోసం ఎదురు చూస్తుంటాను.